బొలీవియా: ఈవో మొరాలెస్ పాలన ఏమిచ్చింది, ఏం మిగిల్చింది?

దక్షిణ అమెరికా నడిమధ్యన, సముద్రతీరం లేని బొలీవియాలో 2025 నవంబరు 8న రొడ్రిగో పాజ్ దేశాధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం చేశారు. అంతకు మూడు నెలల ముందు, ఆగస్టు 17న జరిగిన తొలి విడత పోలింగులో అధికార 'సోషలిజం దిశగా ఉద్యమం' పార్టీ అభ్యర్థికి పడినవి మూడు శాతం పైచిలుకు ఓట్లు మాత్రమే. సెనేట్‌లో ఆ పార్టీకి ఒక్క స్థానమూ దక్కలేదు. ఇదే పార్టీ 2009లో 64 శాతం, 2014లో 61 శాతం ఓట్లతో గెలిచింది. మధ్యలో ఒక్క ఏడాది తప్పిస్తే 2006 నుంచి దేశాన్ని ఏలింది కూడా ఇదే.

పాలక పక్షాలు ఓడిపోవడం వింత కాదు. ఎవరి చేతిలో ఓడిపోయిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ప్రభుత్వ కేంద్రమైన లా పాజ్‌ను ఆనుకుని, పీఠభూమి అంచున ఉన్న ఎల్ ఆల్టో నగరం, ఆండీస్ పర్వత ప్రాంతంలోని పల్లెలు ఈ పార్టీకి పుట్టిల్లు. ఆ ఓటర్లే ఈసారి పాజ్ వైపు మొగ్గారు. భూస్వాములో, అమెరికా రాయబార కార్యాలయమో ఓడించారని చెప్పుకునే వీలు లేకుండా పోయింది. పార్టీకి ముఖమూ, గొంతూ తానే అయిన ఈవో మొరాలెస్ 2006 జనవరి నుంచి 2019 నవంబరు వరకు దాదాపు పద్నాలుగేళ్లు అధ్యక్షుడిగా ఉన్నారు. నేటి తీర్పు బీజాలు ఆ కాలంలోనే ఉన్నాయి. విచిత్రమేమంటే, ఆ పాలన సాధించిన ఘన విజయాల పక్కనే, ఒకే నేలలో అవి మొలిచాయి.

కూడలిలో అడుగుపెట్టిన మనిషి

మొరాలెస్ 1959లో ఒరూరో ప్రాంతంలోని ఒరినోకా గ్రామ పరిసరాల్లో ఐమారా ఆదివాసీ కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో లామాలు కాచారు. బాకా వాయించారు. కరవు తరిమితే ఆ కుటుంబం కొండలు దిగి, ఉష్ణప్రాంతమైన చపారేకు వలస వెళ్లి కోకా సాగు చేపట్టింది. కోకా ఆకు ఆండీస్ జనానికి మన తాంబూలం వంటిది. ఎత్తైన కొండల మీద అలసట తెలియకుండా నములుతారు, పూజల్లో వాడతారు, చుట్టానికి మర్యాదగా ఇస్తారు. కొకైన్ తయారయ్యేది కూడా ఈ ఆకు నుంచే కనుక, అమెరికా ఒత్తిడితో ప్రభుత్వాలు ఆ తోటలను బలవంతంగా పీకించాయి. ఆ పోరాటంలో నుంచే మొరాలెస్ రైతు సంఘ నాయకుడిగా ఎదిగారు. 'కోకాకు సరే, కొకైన్‌కు కాదు' అన్నది ఆయన నినాదం. ఆయన ప్రభుత్వం 2013లో ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల ఒప్పందంలో తిరిగి చేరుతూ, ఆకు నమిలే ఆచారానికి మినహాయింపు సాధించింది.

2002 ఎన్నికలకు ముందు నాటి అమెరికా రాయబారి మాన్యుయెల్ రోచా, మొరాలెస్‌కు ఓటేస్తే అమెరికా సాయం ఆగిపోతుందని బహిరంగంగా హెచ్చరించారు. ఆ హెచ్చరికతో మొరాలెస్ ఓట్లు పెరిగాయి. ఆయన రెండో స్థానంలోకి వచ్చారు. ఇరవై ఏళ్ల తరువాత ఇదే రోచా క్యూబా గూఢచారిగా పనిచేసినట్లు అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లడం చరిత్ర చేసిన చమత్కారం.

మరుసటి ఏడాదే, గ్యాస్‌ను చిలీ రేవుల మీదుగా ఎగుమతి చేయాలన్న ప్రతిపాదనపై జనం తిరగబడ్డారు. సైన్యం కాల్పుల్లో అరవై మందికి పైగా చనిపోయారు. అధ్యక్షుడు గొంజాలో సాంచెజ్ డి లోసాదా దేశం విడిచిపోయారు. పొటోసీ కొండలోని వెండిని స్పెయిన్ శతాబ్దాల పాటు తవ్వుకుపోయింది. తరువాత తగరం గనులు కొద్ది కుటుంబాల పాలయ్యాయి. సముద్రతీరాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో జరిగిన యుద్ధంలో చిలీ గెలుచుకుంది. భూమిలో మిగిలిన గ్యాస్ కూడా పోనివ్వరాదన్న పట్టుదల జనంలో పాతుకుపోయింది. దాన్నే గొంతుగా మలచుకున్న మొరాలెస్ 2005 డిసెంబరులో దాదాపు 54 శాతం ఓట్లతో తొలి విడతలోనే గెలిచారు.

ఆ గెలుపు బరువు అంకెల్లో తెలియదు. 2001 జనాభా లెక్కల్లో దేశ జనంలో 62 శాతం మంది తాము ఆదివాసులమని చెప్పుకున్నారు. అయినా 1952 విప్లవానికి ముందు వారికి ఓటు లేదు. లా పాజ్ ప్రధాన కూడలిలో నడిచే స్వేచ్ఛ కూడా లేదు. అంటరానితనం చరిత్ర తెలిసిన భారతీయ పాఠకులకు దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. ఆ కూడలికి ఎదురుగా ఉన్న భవనంలో ఐమారా మనిషి అధ్యక్షుడై కూర్చున్నారు. తన జీతం సగానికి పైగా తగ్గించుకున్నారు. ఒకప్పుడు ఇళ్లలో పనిచేసిన కసిమీరా రొడ్రిగెజ్ న్యాయశాఖ మంత్రి అయ్యారు. 2009లో ప్రజాభిప్రాయ సేకరణతో ఆమోదం పొందిన కొత్త రాజ్యాంగం స్పానిష్‌తో పాటు 36 ఆదివాసీ భాషలకు అధికార హోదా ఇచ్చింది. గౌరవం కూడా సంక్షేమమేనని ఈ ప్రభుత్వం గుర్తించింది. దాన్ని తక్కువ చేసి చూసే విమర్శకులు 2020లో అదే జనం ఎందుకు మళ్లీ ఆ పార్టీకే ఓటేశారో చెప్పలేకపోయారు.

గ్యాస్ సొమ్ము గడపలకు

2006 మే 1న సైనికులు శాన్ అల్బెర్టో గ్యాస్ క్షేత్రంలోకి ప్రవేశించారు. మొరాలెస్ అక్కడే నిలబడి జాతీయీకరణ ప్రకటించారు. ప్రపంచ పత్రికలు దీన్ని విదేశీ ఆస్తుల స్వాధీనంగా చిత్రించాయి. జరిగింది అంత తీవ్రమైనది కాదు. పెట్రోబ్రాస్, రెప్సోల్ వంటి కంపెనీలు దేశంలోనే ఉండి గ్యాస్ తీస్తూ వచ్చాయి. మారింది వాటా. అతిపెద్ద క్షేత్రాల నుంచి ప్రభుత్వానికి తాత్కాలికంగా 82 శాతం దాకా రావాలని ఆనాటి ఆదేశం చెప్పింది. ఆ తరువాత కొత్త ఒప్పందాలు కుదిరాయి. చమురు, గ్యాస్ నుంచి ఖజానాకు 2005లో చేరింది 70 కోట్ల డాలర్ల లోపే. 2014 నాటికి అది 500 కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచ మార్కెట్లో ధరలు పెరగడం కూడా కలిసివచ్చింది.

ఈ సొమ్ము గడపగడపకూ చేరింది. బడికి వెళ్లే పిల్లలకు ఏటా 200 బొలీవియానోలు, అరవై దాటిన వృద్ధులకు పింఛను, గర్భిణులకూ బాలింతలకూ సాయం అందాయి. పనివారి కనీస వేతనం పలుమార్లు పెరిగింది. కడు పేదరికంలో ఉన్నవారి వాటా 2005లో 38 శాతం. 2018లో 15 శాతం. ఆర్థిక వ్యవస్థ ఏటా సగటున ఐదు శాతం చొప్పున పెరిగింది. లా పాజ్ నుంచి ఎల్ ఆల్టోకు ఆకాశంలో తీగల మీద నడిచే కేబుల్ కార్లు 2014లో మొదలయ్యాయి. గంటల ప్రయాణం నిమిషాల్లోకి వచ్చింది. విదేశీ మారకద్రవ్య నిల్వలు 1,500 కోట్ల డాలర్ల దాకా చేరాయి. వామపక్ష ప్రభుత్వం ఇంత జాగ్రత్తగా ఖాతాలు చూసుకోవడాన్ని అంతర్జాతీయ ద్రవ్యనిధి సైతం మెచ్చుకుంది. దాదాపు ఆ కాలమంతా ఆర్థిక మంత్రిగా ఉన్నది లూయిస్ ఆర్సే. వెనిజులాలో హ్యూగో చావెజ్ చమురు సంస్థను కుదిపి చెల్లాచెదురు చేసిన తీరుతో పోలిస్తే, బొలీవియా ప్రయోగం ఎంతో నిలకడైనది.

అయితే గ్యాస్ బావికి ఒక స్వభావం ఉంది. తోడినకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. కొత్త బావులు తవ్వితేనే పాతవి తగ్గిన లోటు పూడుతుంది. అన్వేషణ ఖరీదైన పని. పదిచోట్ల తవ్వితే ఒకటి రెండు చోట్ల పడవచ్చు, పడకపోవచ్చు. లాభంలో సింహభాగం ప్రభుత్వానికే పోతుందని తెలిసిన కంపెనీలు ఆ పందానికి ముందుకు రాలేదు. ఉన్న క్షేత్రాల నుంచి వేగంగా తీసుకున్నాయి. ప్రభుత్వ సంస్థ వైపీఎఫ్‌బీ ఆ ఖాళీని పూడ్చలేకపోయింది. రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లిన ఉత్పత్తి, దశాబ్దం తిరిగేసరికి సగానికి పడిపోయింది. ప్రధాన కొనుగోలుదారైన అర్జెంటీనా తన సొంత షేల్ గ్యాస్ పెంచుకుని 2024లో దిగుమతులు ఆపేసింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ కొరత ఛాయలు ఒక భారతీయ సంస్థకు ముందుగానే తెలిశాయి. ఎల్ ముటూన్ ఇనుప ఖనిజ క్షేత్రంలో 210 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఉక్కు కర్మాగారం కట్టేందుకు జిందాల్ స్టీల్ అండ్ పవర్ 2007లో ఒప్పందం చేసుకుంది. కొలిమికి కావలసినంత గ్యాస్ ఇస్తామని చెప్పి ఇవ్వలేదని సంస్థ, ఒప్పుకున్న పెట్టుబడి పెట్టలేదని ప్రభుత్వం పరస్పరం తప్పుపట్టుకున్నాయి. 2012లో ఒప్పందం రద్దయి, వివాదం అంతర్జాతీయ మధ్యవర్తుల దాకా వెళ్లింది. తప్పు ఎవరిదైనా, కాగితం మీద ఉన్న గ్యాస్‌కూ గొట్టంలో ఉన్న గ్యాస్‌కూ తేడా అప్పటికే బయటపడింది.

ఐదు రోజులు నిలిచిన ధర

మొరాలెస్ పాలనలో అసలు మలుపు ఎన్నికల్లో కాక, 2010 డిసెంబరు చివరి వారంలో వచ్చింది. బొలీవియాలో గ్యాస్ పుష్కలం. పెట్రోలు, డీజిల్ మాత్రం తక్కువ. వాటిని బయట కొని, లోపల చౌకగా అమ్మేవారు. అప్పట్లో లీటరు పెట్రోలు 3.74 బొలీవియానోలు; అంటే సుమారు అర డాలరు. ఆ ధర ఏళ్ల తరబడి కదలలేదు. చౌక ఇంధనం సరిహద్దు దాటి పెరూలోకి, బ్రెజిల్‌లోకి దొంగతనంగా పోయేది.

డిసెంబరు 26న ప్రభుత్వం పెట్రోలు ధరను 73 శాతం, డీజిల్‌ను 83 శాతం పెంచింది. మొరాలెస్ వెనిజులాలో ఉండగా ఉపాధ్యక్షుడు అల్వారో గార్సియా లినేరా ఆ ప్రకటన చేశారు. బస్సు చార్జీలు, రొట్టె ధర, కూరగాయల ధర ఒక్కసారిగా ఎగిశాయి. గని కార్మికులు, టీచర్లు, ఎల్ ఆల్టో వీధి వర్తకులు రోడ్లెక్కారు. టోల్ కేంద్రాలు తగలబడ్డాయి. 2003లో మొరాలెస్‌ను అధికారం వైపు నడిపించిన వీధులే అవి. జీతాలు 20 శాతం పెంచుతామన్నా జనం శాంతించలేదు. డిసెంబరు 31 రాత్రి అధ్యక్షుడు ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకున్నారు. ప్రజల మాట వింటూ పాలించడమే తన పద్ధతి అని చెప్పుకున్నారు.

ప్రజల మాట వినడం మంచిదే. కాని ఆ రాత్రి నుంచి 2025లో ఆ పార్టీ పాలన ముగిసేవరకు పెట్రోలు ధరను తాకే ధైర్యం ఆయనకు గాని, ఆయన తరువాత వచ్చినవారికి గాని కలగలేదు. పండుగ మర్నాడు, ఎవరితోనూ చర్చించకుండా, ఒక్క దెబ్బకు పెంచడం తొందరపాటు. తరువాతి నాలుగేళ్లలో ఖజానా నిండుగా ఉంది, ఓటర్ల నమ్మకం గట్టిగా ఉంది, ప్రతిపక్షం చెల్లాచెదురై ఉంది. పేదలకు నేరుగా సొమ్ము చేర్చే పథకాలు అప్పటికే నడుస్తున్నాయి. కొద్దికొద్దిగా ధర సవరించి, ఆ తేడాను నగదుగా ఇవ్వడానికి అంతకన్నా అనువైన సమయం లేదు. ఆ ప్రయత్నం జరగలేదు. 2011 నవంబరు నుంచి డాలరు విలువ కూడా 6.96 బొలీవియానోల వద్ద కదలకుండా నిలిచింది. ఈ రెండు అంకెలూ స్థిరత్వానికి గుర్తులుగా జనం మనసులో పాతుకున్నాయి. రెండింటినీ నిలబెట్టింది గ్యాస్ తెచ్చే డాలర్లు. అవి తగ్గినప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

సొంత మద్దతుదారులతో చిక్కు మాట మాట్లాడలేకపోవడం అంతటితో ఆగలేదు. 2011లో టిప్నిస్ రక్షిత అరణ్యం మధ్య నుంచి రహదారి వేయాలని ప్రభుత్వం తలపెట్టింది. అక్కడి ఆదివాసులు లా పాజ్‌కు పాదయాత్రగా బయలుదేరారు. సెప్టెంబరు 25న పోలీసులు వారిని కొట్టి, నోళ్లకు టేపులు వేసి బస్సులెక్కించారు. 'భూమాత' హక్కుల గురించి ప్రపంచ వేదికల మీద మాట్లాడిన అధ్యక్షుడి పాలనలో ఇది జరిగింది. నిరసనలకు తలొగ్గి ఆ అడవి గుండా రహదారి వేయరాదని చట్టం చేశారు. 2017లో ఆ చట్టాన్నే తొలగించారు.

వద్దన్న ఓటు

2009 రాజ్యాంగం ఒక వ్యక్తి వరుసగా రెండుసార్లకు మించి అధ్యక్షుడు కారాదని చెబుతుంది. దాన్ని రాయించింది మొరాలెస్ ప్రభుత్వమే. కొత్త రాజ్యాంగంతో దేశం కొత్తగా పుట్టింది కనుక తొలి పదవీకాలం లెక్కకు రాదని రాజ్యాంగ న్యాయస్థానం 2013లో తేల్చింది. ఆ విధంగా 2014లో ఆయన మూడోసారి గెలిచారు. నాలుగోసారి కోసం రాజ్యాంగం సవరించవచ్చా అని 2016 ఫిబ్రవరి 21న ప్రజలనే అడిగారు. 51 శాతానికి పైగా వద్దన్నారు.

అక్కడ ఆగి ఉంటే, లాటిన్ అమెరికా చరిత్రలో మొరాలెస్ స్థానం ఈ రోజు మరోలా ఉండేది. ఆగలేదు. 2017 నవంబరులో అదే న్యాయస్థానం, పోటీ చేయడం మానవ హక్కు కనుక పదవీకాల పరిమితి చెల్లదని చెప్పింది. అదే ఏడాది ఒరినోకాలో ఆయన జీవితాన్ని చూపే మ్యూజియం సుమారు 70 లక్షల డాలర్ల ఖర్చుతో తెరుచుకుంది. కొన్ని వందల మంది ఉండే ఊరది. బతికి ఉండి, పదవిలో ఉండగానే తన మ్యూజియం తాను ప్రారంభించుకునే నాయకుడికి వారసుడిని తయారు చేయాలన్న ఆలోచన రావడం కష్టం.

2019 అక్టోబరు 20 ఎన్నికల్లో తొలి ఫలితాల ప్రకటన మధ్యలో ఆగింది; తిరిగి మొదలయ్యేసరికి ఆధిక్యం పెరిగింది. చివరి లెక్కలో ఆయనకు 47.08 శాతం, ప్రత్యర్థి కార్లోస్ మెసాకు 36.51 శాతం. రెండో విడత లేకుండా గెలవడానికి కావలసిన పది శాతం తేడా కన్నా కాస్త ఎక్కువ. అక్రమాలు జరిగాయని అమెరికా దేశాల సంస్థ తనిఖీ బృందం చెప్పింది. దాని గణాంక విశ్లేషణలో లోపాలున్నాయని పలువురు పరిశోధకులు చూపారు. ఆ వాదన నేటికీ తేలలేదు. తేలినది ఒకటే. 2016లో ఓటు వేసి వద్దన్న జనంలో చాలామంది ఈ ఎన్నికను మొదటి నుంచే నమ్మలేదు. నవంబరు 10న పోలీసులు ఎదురుతిరిగి, సైన్యాధిపతి రాజీనామా 'సూచించిన' తరువాత మొరాలెస్ తప్పుకుని మెక్సికో వెళ్లిపోయారు. సైన్యం పాత్ర ఉన్న ఆ నిష్క్రమణను కేవలం ప్రజా తిరుగుబాటు అనడం కుదరదు. తరువాత వచ్చిన జానీన్ ఆన్యెస్ తాత్కాలిక ప్రభుత్వం తొలి రోజుల్లోనే సకాబా, సెంకాటాల్లో భద్రతా దళాల చేతిలో ఇరవై మందికి పైగా, చాలావరకు ఆదివాసులు, చనిపోయారు. పాత బొలీవియా తిరిగి వస్తోందన్న భయంతో జనం 2020 అక్టోబరులో లూయిస్ ఆర్సేకు 55 శాతం ఓట్లిచ్చారు.

ఆర్సేను ఎంపిక చేసింది మొరాలెస్సే. అయితే తిరిగివచ్చిన గురువు పక్కకు తప్పుకోలేదు. శిష్యుడు కుర్చీ దిగేందుకు ఇష్టపడలేదు. పార్టీ రెండుగా చీలింది. కాంగ్రెస్‌లో సొంత సభ్యులే ప్రభుత్వ రుణాలను అడ్డుకున్నారు. సరిగ్గా ఆ సమయంలోనే డాలర్లు అడుగంటాయి. 2023 ఆరంభంలో కేంద్ర బ్యాంకు ముందు డాలర్ల కోసం జనం బారులు తీరారు. తరువాత పెట్రోలు బంకుల ముందు లారీలు రోజుల తరబడి నిలిచాయి. శ్రీలంకలో 2022లో కనిపించిన దృశ్యాలే, నెమ్మదైన వేగంతో. 2025 మధ్యకు ధరల పెరుగుదల 20 శాతం దాటింది. డీజిల్‌లో అత్యధిక భాగం, పెట్రోలులో సగందాకా బయట నుంచే రావలసి వచ్చింది. కొనడానికి డాలర్లు లేకపోయాయి. లీటరు ధర మాత్రం అప్పటికీ అదే 3.74గా ఉంది.

గ్యాస్ తగ్గిన చోటును బంగారం కొంత పూడ్చింది. దానికి పెద్ద గిరాకీదారుల్లో భారత్ ఒకటి. ఆ తవ్వకాల్లో వాడే పాదరసం అమెజాన్ ఉపనదుల్లో కలుస్తోంది. లిథియం మీద పెట్టుకున్న ఆశ ఇంకా ఆశగానే ఉంది. 2019 మార్చిలో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ బొలీవియాలో పర్యటించి మొరాలెస్‌ను కలిశారు. ఆ సందర్భంగా లిథియంపైనా అవగాహన కుదిరింది. ఉయూని ఉప్పు ఎడారి కింద ప్రపంచంలోనే అతిపెద్ద నిక్షేపాలున్నాయి. వాటిని పెద్ద ఎత్తున వెలికితీసే పని ఇప్పటికీ మొదలు కాలేదు.

అక్టోబరు 19 తుది విడతలో జనం కరకు కోతల హామీ ఇచ్చిన మాజీ అధ్యక్షుడు హోర్హే కిరోగాను కాదని, 54 శాతానికి పైగా ఓట్లతో మధ్యేవాది పాజ్‌ను ఎంచుకున్నారు. సంక్షేమ పథకాలు తీసేయనని పాజ్ మాటిచ్చారు. ఇంధన సబ్సిడీని సవరించాలని కూడా చెప్పారు. ఆ రెండు మాటలనూ కలిపి నిలబెట్టుకోవడం ఎలాగన్నదే పదవి చేపట్టినప్పుడు ఆయన బల్ల మీద ఉన్న మొదటి దస్త్రం. 2010 డిసెంబరులో మూతపడినది కూడా అదే.

మొరాలెస్ ఇప్పుడు చపారేలోని కోకా రైతుల మధ్య ఉన్నారు. ఒక మైనర్ బాలికకు సంబంధించిన కేసులో ఆయనపై అరెస్టు వారెంటు ఉంది. ఆరోపణలను ఆయన తోసిపుచ్చుతున్నారు. కర్రలు పట్టుకున్న మద్దతుదారులు రాత్రింబవళ్లు కాపలా కాస్తున్నారు. ఆగస్టులో ఆయన పిలుపుతో ఐదింట ఒక వంతుకు దగ్గరగా చెల్లని ఓట్లు పడ్డాయి. ఆయన పేరు బ్యాలెట్‌పై లేదు. ఆదివారాల్లో రైతు సంఘం రేడియోలో మాట్లాడుతుంటారు.